మూడు వేళ్ల మెరుపు

ఆయుధపూజ అయి వారమైనా ఫ్రిజ్ తలుపు మీది కుంకుమ వదలడం లేదు. నయన గిన్నెల సబ్బు పెట్టి రుద్దుతూనే ఉంది. నూనెలో కలిపిన కుంకుమ మరి. ఆమె మొగుడు మునిశంకర్‌కి ఒక్కొక్క బొట్టు పెట్టే ఓపిక లేదు. మూడు వేళ్లూ ముంచి ఒకేసారి అద్దేస్తాడు. ఉంగరపు వేలు వంకర కాబట్టి మూడో బొట్టు కిందికి పడుతుంది. మిక్సీ, బండి, ఆవు నుదురు, అన్నిటి మీదా అదే ముద్ర.

ఆ మహానుభావుడు హాల్లో కూర్చుని నాన్సీకి బుద్ధులు చెబుతున్నాడు. మాలూరు ఫ్యాక్టరీలో లోహపు రేకులకు పూత వేసే పని ఆ పిల్లది. గాలంతా లాగేసిన పెట్టెలో ఆ రేకును పెట్టి, గట్టి కరెంటు పంపి, పూత నిలుస్తుందో లేదో చూసే పని ఈయనది. ఈసారి పూత మీద మెరుపు పాకి రేకు కాలింది. నాన్సీ మురికి చేతులతో ముట్టిందని ఈయన ఓనర్‌కి చెప్పాడు. ఆమెను సోమవారం నుంచి పనిలోకి రావద్దన్నారు. ఇంకొక్కసారి పరీక్ష పెట్టమని అడగడానికి ఆమె కేజీఎఫ్ నుంచి రైలెక్కి వచ్చింది. తప్పు పట్టిన ఘనతకు గుర్తుగా ఈయన ఆ రేకును ఇంటికి తెచ్చి, ఆటల్లో గెలిచిన షీల్డులాగా టీవీ పక్కన నిలబెట్టుకున్నాడు.

"గ్లౌజులు లేకుండా నేను యాడ ముట్టినాను సార్?" అంది నాన్సీ.

"నువ్వు ముట్టకుంటే దెయ్యం ముట్టిందా?" తన జోకుకు తానే నవ్వుకున్నాడు.

టీ తెచ్చిన నయన రేకును మొదటిసారి దగ్గరగా చూసింది. కాలిన గీతలు ఫెర్న్ ఆకుల్లా విచ్చుకుని ఉన్నాయి. మూడు ఆకులు. మూడోదాని మొదలు కాస్త కిందికి ఉంది.

"ఫ్యాక్టరీలో పూజ ఎవరు చేసినారు?" అని అడిగింది.

"ఇంగెవరు చేస్తారు, నేనే."

"ఈ రేకుకూ బొట్టు పెట్టినావా?"

"పెట్టకుండానా? పెట్టెలో పెట్టే ముందు శుభ్రంగా తుడిచినాను లే."

"ఏం తుడిచినావు. ఫ్రిజ్ మీదిది వారం నుంచి రుద్దుతా ఉండాను, పోలేదు. మెరుపు ఆ మూడు చోట్ల నుంచే లేచిండాది. నీ వేళ్లు ఆనించి చూసుకో."

అన్నిటి మీదా ఒక అభిప్రాయం ఉండే మనిషి కుడిచేతిని లుంగీ మడతలోకి దూర్చుకున్నాడు. ఓనర్‌కి తాను ఏదో ఒకటి సర్దిచెబుతానని, తుడిచిన గుడ్డే మంచిది కాదేమోనని, ఇంత చిన్నదానికి గొడవెందుకని అన్నాడు.

నాన్సీ టీ ముట్టలేదు. లేచి, గీతలు చెరిగిపోకుండా రేకును చున్నీలో చుట్టి చంకన పెట్టుకుంది. ఆయన వైపు చూడనైనా చూడకుండా, దాన్ని ఓనర్‌కి చూపించడానికి గడప దాటి వెళ్లిపోయింది.