కళ్ళు దిద్దని పటం

చింతపిక్కల జిగురు అడుగంటకుండా కలుపుతూనే చాంద్ బాషా గుమ్మం వైపు చూశాడు. రత్నం ఇవాళా వచ్చేశాడు. అత్తిలి నుంచి రెండు బస్సులు మారి, చంకలో పాత పటం, చేతిలో పసుపు రాసిన కొబ్బరికాయ, దగ్గుకుంటూ. అటు కొల్లేటి లంకల దాకా పటం చూపిస్తూ అమ్మవారి కథ పాడేవాడు ఇక అతనొక్కడే.

గోడవారన కొత్త పటం పరిచి ఉంది. ఇరవై మూరల గుడ్డ మీద అమ్మవారు, ఏడుగురు రాజులు. రంగులన్నీ అయ్యాయి, కళ్ళు మాత్రం లేవు. పాడే మనిషి ఎదురుగా కూర్చుని అమ్మవారి పుట్టుక పాట ఎత్తుకుంటేనే కళ్ళు దిద్దాలి. దిద్దిన రోజే పాత పటాన్ని తమ్మిలేట్లో వదిలెయ్యాలి. పటాలు గీసే బాషా ఇంట మూడు తరాలుగా అదే పద్ధతి.

చిక్కంతా అక్కడే. పాత పటం బాషా తండ్రి ఆఖరున గీసింది. ఫొటో కూడా లేని ఆ మనిషి బాషాకి మిగిలింది ఆ గుడ్డ మీదే. జీవితమంతా షాపులకి బోర్డులు రాసి బతికిన బాషా, మూడు నెలలుగా రత్నానికి ఏదో ఒక వంక చెబుతున్నాడు.

“నలుపు ఇంకా కుదరలేదండీ. శుక్రవారం రండి,” అన్నాడు తలెత్తకుండా.

చిప్పలో నలుపు నిగనిగలాడుతూనే ఉంది. రత్నం చూశాడు. మొహమాటం మనిషి, చూపు తిప్పుకున్నాడు.

“అలాగేనండీ బాషాగారూ. గొంతు ఉండగానే పాడేద్దామని, అంతే. కొబ్బరికాయ ఇక్కడే ఉంచుతానండీ, మొయ్యలేకపోతున్నాను.”

అతను మలుపు తిరిగాక బాషా భార్య మరియంబీ వంటింట్లోంచి అంది. “పాపం, పెద్దాయన్ని ఎన్నిసార్లు తిప్పుతారండీ?”

బాషాకి అన్నం సహించలేదు. ఆలస్యం అమృతం విషం అని పెద్దలు ఊరికే అనలేదు. మూడింటికి రత్నం కూతురు ప్రసన్న ఫోను చేసింది.

“తాడేపల్లిగూడెంలో నాన్నగారు బస్సు దిగలేదండీ. నిద్రపోయారనుకున్నారంట. పోయారండీ.” ముక్కు చీదుకుని, “ఒళ్ళో పటం ఉందండీ. మీకు పంపించెయ్యమంటారా?”

ఇన్నాళ్ళూ కోరుకున్నది అడక్కుండానే చేతికొస్తోంది. బాషాకి తన మీద తనకే అసహ్యం వేసింది.

“వద్దమ్మా. ఆయనతోనే పంపించెయ్యి.”

కొత్త పటం ముందు కూర్చుని కుంచె నలుపులో ముంచాడు. ఎదురుగా పాట లేదు. చెయ్యి లేవలేదు. సాయంత్రానికి చిప్పలో నలుపు ఎండి పెచ్చులు కట్టింది. గూట్లో రత్నం పెట్టి వెళ్ళిన కొబ్బరికాయ అలాగే ఉంది, పీచు మీద అతని వేళ్ళు రాసిన పసుపుతో.