తీగ మీది ఫిల్టరు

రెండో క్లిప్పు మర వదులవగానే ల్యూబెన్ లోహపు గొట్టాన్ని ఎడంచేత్తో అదిమిపట్టి, కుడిచేత్తో శంకువులాంటి ఎర్ర ఫిల్టరును మెలితిప్పి ఊడదీశాడు. ఆ చేతులకు చూపుతో పనిలేదు. వేళ్ల మడతల్లో ముప్పయ్యేళ్ల నలుపు. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో బానెట్ కింద నలిగి చీలిపోయింది. అప్పట్నుంచీ రెండు పాయలుగానే పెరుగుతోంది.

వెనక గోడకు మూడు వరుసల చెక్కలు. వాటి మీద నలభై మూడు నల్ల ప్లాస్టిక్ పెట్టెలు, ఒక్కోదాని మీద తెల్లరంగుతో ఒక్కో పేరు. కారుతోపాటు వచ్చిన, ఇంజన్‌కు గాలి వడగట్టే పెట్టెలు అవి. లోమ్ ఊరి జనానికి కారు గర్జించాలి. అందుకని పెట్టె పీకించి, గాలిని ఎగపీల్చే విడి ఫిల్టరు పెట్టించుకుంటారు. గర్జించే బండికి ఏటా జరిగే తనిఖీలో చీటీ అంటించరు. కాబట్టి ఆ ఒక్కరోజుకు పెట్టె బండిలోకి, ఫిల్టరు ఉతికి తీగ మీదికి. మర్నాడు మళ్లీ ఫిల్టరు బండిలోకి, పెట్టె చెక్క మీదికి. తనిఖీ మనిషికీ తెలుసు, ఊరికీ తెలుసు. ఒక్కరోజు పనికోసం ఏడాదంతా అలా కూర్చునే పెట్టెలంటే ల్యూబెన్‌కు జాలి.

పని పూర్తయిన ప్రతి బండినీ రేవు గేటు దాకా నడిపి చూస్తాడు. గేటు దగ్గర ఆపి, ఒక్క నిమిషం డాన్యూబ్ నీళ్లకేసి చూసి, వెనక్కి తిప్పుతాడు. మొత్తం పదకొండు నిమిషాలు.

ఇవాళ ఆ గేటు అవతల రాదోయ్ నడిపే సరుకు పడవ ఆగి ఉంది. నాలుగింటికి ఎగువకు కదులుతుంది. పెళ్లికి ముందు ల్యూబెన్ ఆరేళ్లు రాదోయ్‌తోనే ఇంజన్ గదిలో పనిచేశాడు. ఆదివారం రాదోయ్ ఫోన్ చేశాడు.

"ఇంజన్ గదికి మనిషి కావాల్రా. వచ్చే ఏడు నీ వయసుకి డాక్టరు సంతకం పెట్టడు. నేనింక అడగను."

ల్యూబెన్ బట్టల సంచి పొద్దున్నే తెచ్చి బల్ల కింద పెట్టాడు. బావమరిది క్రస్త్యోకు చెప్పడమొక్కటే మిగిలింది.

ఈ షెడ్డు క్రస్త్యోది. అతని చేతులు పాతికేళ్లకే వణకడం మొదలుపెట్టాయి. "ఒక్క శీతాకాలం మా తమ్ముడికి సాయంగా ఉండు" అంది నేవెన, అప్పటికి కొత్త పెళ్లికూతురు. ఉన్నాడు. నేవెన పోయి మూడేళ్లయింది. ఆమె ఫొటో అచ్చేసిన కాగితం, ఊళ్లో ప్రతి తలుపు మీదా ఆ ఇంట్లో పోయినవాళ్లది ఉన్నట్టే, షెడ్డు తలుపు మీదా ఉంది. ఏటా పాతది చించి కొత్తది అంటిస్తాడు క్రస్త్యో.

మధ్యాహ్నం ఇద్దరూ తలకిందులు చేసిన బకెట్ల మీద కూర్చుని, ఎర్ర మిరపపచ్చడి రాసిన రొట్టె తిన్నారు. క్రస్త్యో రొట్టెను రెండు చేతులతో పట్టుకుంటాడు; అయినా వణుకుతుంది.

"క్రస్త్యో, నీతో ఒక మాట..."

"చెప్పు బావా."

చెప్పేలోగా గుమ్మంలో ఒక బండి దగ్గుతూ, పొగ కక్కుతూ ఆగింది. వేపిన మిరపకాయల వాసన గుప్పుమంది. దిగినవాడు గాత్సో, సంతలో కూరగాయలమ్మేవాడు.

"ల్యూబెనన్నా, చచ్చిపోతోందే ఇది! తనిఖీ ఇవాళ్టితో ఆఖరు!"

ల్యూబెన్ బానెట్ ఎత్తాడు. ఫిల్టరు కొసనుంచి బొట్లు బొట్లుగా కారుతోంది. వేలికి అంటించుకుని వాసన చూశాడు.

"ఏం పూశావురా?"

"నువ్వేగా చెప్పావు, ఏడాదికోసారి ఉతికి నూనె పెట్టాలని. పెట్టాను."

"ఏం నూనె?"

"పొద్దుతిరుగుడు. మా చేనుదే, కల్తీ లేదు."

"ఎంత?"

"అరలీటరు పట్టిందన్నా, పాపం ఎంత ఎండిపోయిందో!"

క్రస్త్యో పొలమారేలా నవ్వాడు. "ఇంకో నాలుగు బంగాళాదుంపలు కూడా వెయ్యాల్సిందిరా, తనిఖీవాడు తిని సంతకం పెట్టేవాడు!"

ల్యూబెన్ గోడ గడియారం చూశాడు. రెండున్నర. వదిలేసి పోవచ్చు. కానీ గొట్టం లోపల గాలిని కొలిచే తీగ ఉంటుంది, వెంట్రుకకన్నా సన్నం. దాని మీద నూనె పేరుకుంది. తాకితే తెగుతుంది. క్రస్త్యో వణికే చేతులు దాని దగ్గరికి పోకూడదు.

కొలత తీగను ఊడదీసి, దూరంనుంచి నూనె వదిలించే మందు చిమ్మి, ఆరనిచ్చి, మళ్లీ చిమ్మాడు. నాలుగు విడతలైతేగాని మెరుపు రాలేదు. గొట్టం తుడిచాడు. చెక్క మీంచి గాత్సో పేరున్న పెట్టె దింపి, దుమ్ము దులిపి, బిగించాడు. మూడున్నరకు పడవ మొదటి కూత కూసింది. మర తిప్పుతున్న చెయ్యి ఒక్కసారి ఆగి, మళ్లీ తిరిగింది.

తరువాత ఫిల్టరును సబ్బునీళ్లలో ముంచి, లోపలినుంచి బయటికి నీళ్లు వదిలి, తీగ మీద వేలాడదీశాడు.

"క్రస్త్యో, ఇలా రా. చూడు. గాలి గొట్టం పెట్టి ఆరబెట్టకు, నూలు చిరుగుతుంది. నీడలోనే ఆరాలి, రేపటిదాకా. తరవాత ఈ సీసాలో ఎర్రనూనె, కుంచెతో మడతకొక్క గీత. అంతే. ఇరవై నిమిషాలాగి, ఎక్కడైనా తెల్లగా కనబడితే అక్కడొక్క బొట్టు."

"నాకెందుకు బావా ఇవన్నీ? నువ్వున్నావుగా."

ముప్పయ్యేళ్లుగా క్రస్త్యో అంటున్న మాటే.

"చేతులు వణికితే మోచెయ్యి బల్లకానించు," అన్నాడు ల్యూబెన్. "మడతకొక్క గీత. గుర్తుందా?"

"ఉందిలే."

సీసా మూత బిగించి, కుంచెను దాని పక్కన పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు. నలుపు పోలేదు. సంచి తీసుకుని గాత్సో పక్కన ఎక్కబోతూ షెడ్డు తలుపు దగ్గర ఆగాడు. నేవెన ఫొటో కాగితం మూల లేచి ఉంది. చీలిన గోటితో దాన్ని నొక్కాడు. వేలు తియ్యగానే మళ్లీ లేచింది.

"నడిపి చూసొస్తావా?" లోపల్నుంచి అడిగాడు క్రస్త్యో, తల ఎత్తకుండానే.

"రేవుదాకా," అన్నాడు ల్యూబెన్.

పెట్టె బిగించిన బండి కదా, పోతుంటే చప్పుడే లేదు.

నాలుగింటికి రెండో కూత వినబడింది. క్రస్త్యో బకెట్ మీద కూర్చుని గడియారం చూశాడు. పదకొండు నిమిషాలు ఎప్పుడో దాటాయి. వంగి బల్ల కింద చూశాడు, పొద్దున అక్కడున్న సంచి లేదు. లేచి తీగ దాకా వెళ్లాడు. తడి ఫిల్టరు గాలికి మెల్లగా తిరుగుతూ, అరనిమిషానికొక లేత ఎర్ర బొట్టు సిమెంటు మీద వదులుతోంది.