మోకాలు చెప్పిన సాక్ష్యం

మా ఆయన సంఘపెద్ద. ప్రభువు శిష్యుల కాళ్లు కడిగినట్టు ఆదివారం తానూ ఒకరి కాళ్లు కడుగుతానని వారం ముందే ఊరంతా చాటాడు. చెప్పులు కుట్టే తాతను కుర్చీలో కూర్చోబెట్టి, ఫోటోవాడి వైపు మొహం తిప్పి మోకరించాడు. కడిగాడు, తుడిచాడు. లేవబోతే మోకాలు పట్టేసింది. ఇంట్లో కిందపడ్డ చెంచా కూడా వంగి తీయని మనిషి మరి. నేను నవ్వాపుకోలేక పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

తాత తడి కాళ్లతోనే కుర్చీ దిగి, ఆయన పక్కన నేలమీద కూర్చుని మోకాలు ఒత్తసాగాడు.

"తొందరపడకండి బాబుగారూ. కింద కూర్చోవడం మీకు కొత్త, నాకు రోజూ ఉన్నదే," అన్నాడు.

ఫోటో సరిగ్గా అప్పుడే పడింది. దాన్ని మా ఇంటి హాల్లో నేనే తగిలించాను.