ఇంజిన్ ఆపని రోజు

ఎయిర్‌పోర్టు పక్కన తొండుపల్లిలో శోభ మెకానిక్ షెడ్డు పొద్దున ఎనిమిదింటికి తెరుచుకుంటుంది. మొదట చీపురు, తర్వాత చాయ్, ఆ తర్వాత బండ్లు. ఆ మంగళవారం మొదట వచ్చింది ఉదయభాస్కర్, పదహారేళ్ల పాత కారుతో. భార్య ఝాన్సీ దిగి బెంచీ మీద కూర్చుంది.

"మైలేజీ పడిపోయిందమ్మా. ఇంజిన్ లైటు కూడా వెలుగుతోంది," అన్నాడాయన.

శోభ ఇంజిన్ నడుస్తుండగానే స్కానర్ తగిలించింది. పొగలో మిగిలిన ఆక్సిజన్ చూసే సెన్సర్ అంకె పాయింట్ ఒకటికీ పాయింట్ తొమ్మిదికీ మధ్య కొట్టుకుంటూ ఉండాలి. ఇది పాయింట్ ఒకటి దగ్గరే నిలిచిపోయింది. అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. కొత్త సెన్సర్ వేసి చూసింది. గొట్టాలన్నీ తడిమింది, ఎక్కడా లీకు లేదు. అంకె కదల్లేదు.

పాతబడ్డ బండి తనను రోజూ నడిపేవాళ్ల ఊపిరే పీలుస్తుందని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

"సార్, గీ బండి రోజూ ఎవరు నడుపుతరు?"

"ఝాన్సీయే. ఆరాంఘర్‌లో స్కూలుకి వెళ్తుంది."

శోభ బెంచీ వైపు చూసింది. ఝాన్సీ పెదాలు నీలంగా ఉన్నాయి.

"ఆయాసమైతుందా మేడం?"

"వారం నుంచి. పిల్లల పరీక్షలయ్యాక చూపించుకుందామని..."

"నాతో అనలేదేం?" అన్నాడు ఉదయభాస్కర్. ఆమె చేతిసంచీ సర్దుకుంది.

ఆయన ఇంజిన్ ఆపబోతే శోభ ఆయన మణికట్టు పట్టుకుంది. "ఆపకుండ్రి సార్. బయట జగదీశన్న ఆటో ఉన్నది, మేడంను తీస్కోని దవాఖానకు పోండ్రి."

ఆయన తాళంచెవి మీంచి చెయ్యి తీసి, ఝాన్సీని ఆటో ఎక్కించాడు.

కారు షెడ్డులో నడుస్తూనే ఉంది. మధ్యాహ్నం శోభ తండ్రి కుర్మయ్య పెట్రోల్ డబ్బా తెచ్చి పోశాడు. "జర కనిపెట్టుకోని ఉండు బిడ్డా," అని షెడ్డు బయట కూర్చున్నాడు. అంకె మెల్లగా దిగుతోంది. పాయింట్ సున్నా ఎనిమిది. సున్నా ఐదు.

నాలుగుంబావుకి సున్నా. ఇంజిన్ వణికి ఆగబోయింది. శోభ సీట్లోకి దూరి యాక్సిలరేటర్ తొక్కింది. ఇంజిన్ రెండుసార్లు తప్పి, మూడోసారి అందుకుంది. ఆమె కాలు తియ్యలేదు. తొడ తిమ్మిరెక్కింది. షెడ్డు రేకుల మీదుగా విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి.

ఐదున్నరకి అంకె లేచింది. పాయింట్ మూడు, ఆరు, మళ్లీ రెండు. అప్పుడే ఫోన్ మోగింది.

"ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందట," అన్నాడు ఉదయభాస్కర్. "నాలుగుంబావుకి గుండె ఆగిపోయింది. డాక్టర్లు ఇక లాభం లేదన్నారు. కొన్ని నిమిషాలకి ఉన్నట్టుండి మళ్లీ కొట్టుకుంది. ఇప్పుడిప్పుడే ఊపిరి అందుతోంది." తర్వాత అడిగాడు, "బండి?"

"నడుస్తుంది సార్."

"ఎన్నాళ్లు నడపాలి?"

శోభ స్క్రీన్ చూసింది. "మేడం వచ్చి బండిల కూసునేదాంక."

ఫోన్ పెట్టేసి, కాలు తియ్యకుండానే బయటికి కేకేసింది.

"బాపూ, ఇంకో డబ్బా తే."