రావమ్మ గొంతు

శివపార్వతి వేడినీళ్లలోంచి వెండి గొట్టాన్ని తీసి, కోడి ఈకతో లోపలంతా తుడిచి, కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. నిన్న పొద్దుటిదాకా అది రావమ్మ మెడకు ఉండేది. మళ్లీ కావలసి రావచ్చు.

కంఠసర్పితో ఊపిరాడని పిల్లలకు డాక్టరు సంజీవరావుగారు గొంతు కింద చిన్న రంధ్రం చేసి గొట్టం అమర్చేవారు. అది మూసుకుపోకుండా రాత్రింబవళ్లు చూసుకోవడం ఆయా శివపార్వతి వంతు. నేతింటి ఆడపడుచు. తెగిన పోగులు అతికి అతికి తేలికపడ్డ వేళ్లు. “పార్వతి ఉంటే నాకు నిద్ర పడుతుంది” అని డాక్టరుగారు ఒకసారి అన్న మాట బెజవాడ పిల్లల ఆస్పత్రిలో వినని గోడ లేదు. చెప్పుకోదూ మరి!

గొట్టం ఉన్నంతకాలం మాట రాదు. అందుకని ఆమె పిల్లలకు చప్పట్లు నేర్పేది. ఒక్కసారి కొడితే మంచినీళ్లు, ఆపకుండా కొడితే ఊపిరాడటం లేదని.

ఇప్పుడు అయిదేళ్ల రావమ్మకు ఊపిరి ఆడుతోంది గాని మాట రాలేదు. “సాయంత్రానికి గొంతు పలక్కపోతే లోపల వాపు తగ్గనట్టే. మళ్లీ గొట్టం పెట్టాలి” అని వెళ్లారు డాక్టరుగారు.

ఉయ్యూరు నుంచి పిల్లను తెచ్చిన తండ్రి బసవయ్య గుమ్మంలో కూలబడ్డాడు. “గొంతు కోయించి మూగదాన్ని చేశానమ్మా.”

రావమ్మ చప్పట కొట్టింది. శివపార్వతి గ్లాసు అందుకోబోయి ఆగిపోయింది. చప్పుడు చేస్తే చాలు అన్నీ చేతికి వస్తుంటే, ఏ పిల్ల నోరు విప్పుతుంది? తప్పు తనదే. ఆమె అటు తిరిగి, ఉడికించిన గుడ్డలు మడతపెట్టసాగింది.

పిల్ల మళ్లీ కొట్టింది. బసవయ్య లేచాడు. “నీళ్లడుగుతోందమ్మా!”

“కూర్చో నాయనా. కదిలావంటే ఊరుకోను.”

పందొమ్మిదేళ్లలో ఏ బిడ్డ చేతా రెండోసారి చప్పట కొట్టించుకోని మనిషి. రావమ్మ మూడోసారి కొట్టింది. నాలుగోసారి. శివపార్వతి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా తల తిప్పలేదు.

“ఆయమ్మా!” బొంగురుగా, కోపంగా వచ్చింది గొంతు. “నీళ్లు! ఎన్నిసార్లు పిలవాలి?”

గ్లాసు పట్టుకుని పరుగెత్తింది శివపార్వతి. బసవయ్య గుమ్మంలోనే భోరుమన్నాడు.

సాయంత్రం డాక్టరుగారు పిల్ల చేత నాలుగు మాటలు పలికించి, ఆశ్చర్యపోయారు. “ఏం మందిచ్చావు పార్వతీ?”

“మందెక్కడిదండీ? నీళ్లియ్యలేదంతే.”

నాలుగో రోజు బసవయ్య కూతుర్ని భుజాన వేసుకుని పడవల రేవుకు బయలుదేరాడు. రావమ్మ వాగుడు వరండా చివరిదాకా వినిపించింది. అది తన చేతి చలవేనని ఎవరూ చెప్పనక్కర్లేదు. శివపార్వతి ఆఖరి మాటదాకా నిలబడి విని, మంచం సర్దడానికి లోపలికి వచ్చింది.

దిండు కింద, ఆయమ్మకని దాచినట్టు, సగం కొరికిన బెల్లం ముక్క, దానిమీద చిన్న చిన్న పళ్ల గాట్లు.