వ్యాను చక్రం కింద చెక్కముక్క

నేను ఒక తుమ్మచెక్క ముక్కను. ప్రయాణం అనుకోగానే అసిరమ్మ తన సంచిలో అన్నిటికన్నా ముందు నన్ను వేసేది. పాత షామియానా గుడ్డతో కుట్టుకున్న ఎరుపు పసుపు చారల సంచి అది. నా మీద అటుకుల మూట, ఆ పైన ఊరమిరపకాయల డబ్బా, ఆ పైన తలనొప్పి మందు, రెండు చీరలు, టార్చిలైటు. సర్దడం అంతా అయ్యాక మళ్ళీ మొత్తం బయటకు తీసి, అడుగున నేను ఉన్నానో లేదో చూసుకుని, మళ్ళీ మొదటినుంచి సర్దేది. ఎక్కడికి పోతాను తల్లీ? నాకేమైనా కాళ్ళున్నాయా?

విజయనగరంలో అసిరమ్మ తమ్ముడు పోలినాయుడికి షామియానాల దుకాణం ఉండేది. నేను మొదట అక్కడ పందిరి గుంజను. ఎన్నో పెళ్ళిళ్ళు నిలబెట్టి, ఒక గాలివానకు నడిమికి విరిగాను. పోలినాయుడు నన్ను పొయ్యిలో పెట్టకుండా రంపంతో కోసి, ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క పల్లంగా చెక్కి, తన నీలం వ్యాను చక్రం కింద పెట్టుకోవడానికి ఉంచాడు. ఆ వ్యానుకు హ్యాండ్ బ్రేకు పనిచేసేది కాదు. బాగు చేయించుకోవచ్చు కదా అంటారు మీరు. ఆ మాట అతని భార్య దాలమ్మ పదేళ్ళు అన్నది. "చెక్కుండగా బ్రేకెందుకే?" అనేవాడు. అంటే ఆ ఇంటిల్లిపాది ప్రాణాలు నా మీద. దానికి ఒప్పుకుంటావా అని నన్నెవరూ అడగలేదు.

షామియానాల వాళ్ళకు వేసవిలో ఊపిరాడదు. ఆషాఢం వస్తే ముహూర్తాలుండవు, పందిళ్ళుండవు. అందుకని లోకమంతా ఇళ్ళల్లో గొడుగులు ఆరబెట్టుకునే రోజుల్లో వీళ్ళు సరదాగా తిరగడానికి బయలుదేరేవారు. పోలినాయుడు, దాలమ్మ ముందు సీట్లో. వాళ్ళ కూతురు మంగ, అసిరమ్మ వెనకాల. వాళ్ళతోబాటు రెండు వందల మందికి సాంబారు కాచే గుండిగ. నలుగురికి అన్నం వండడానికి గుండిగ ఎందుకయ్యా అంటే, "చిన్న గిన్నెలైతే పోతాయి. ఇది పోద్దా?" అనేది దాలమ్మ. నిజమే, పోలేదు. అది దారి పొడుగునా దొర్లుతుంటే మా చెవులు మాత్రం పోయేవి.

వ్యాను ఆగగానే అసిరమ్మ కేక వేసేది. "దిగకండర్రా! ఒక్కరూ దిగకండి!" ముందు తను దిగి, నన్ను వెనక చక్రానికి ఆనించి, మడమతో రెండు తన్నులు తన్నేది. అప్పుడు గాని మిగిలినవాళ్ళకు దిగే యోగం లేదు.

"అప్పా, చదును నేల మీదున్నాం. ఎక్కడికి జారిపోద్ది?" అని పోలినాయుడు అక్క మీద విసుక్కునేవాడు.

"పల్లం ముందు కనబడదురా పోలీ. జారినాక కనబడతాది."

కళింగపట్నం సముద్రపు ఒడ్డున కూడా నన్ను ఇసకలో పెట్టి తన్నింది. అలలొచ్చి నన్ను కప్పేశాయి. అందరూ వ్యానెక్కి కూర్చున్నా, ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని ఇసక తోడుతూనే ఉంది. నేను దొరికాక కొంగుతో తుడిచింది. అదే అల దాలమ్మ చెప్పులు పట్టుకుపోతే పోలినాయుడు పంచె పైకి కట్టి సముద్రంలోకి పరుగెత్తి, ఎవరివో వేరే చెప్పులు పట్టుకొచ్చాడు. దాలమ్మ రెండేళ్ళు అవే తొడుక్కుంది. ఇంకోసారి జయపురం దారిలో చెట్టు పడి రోడ్డు మూసుకుపోతే, కిందకు దింపిన గుండిగ వానకు నిండిపోయింది. మంగ అందులో దిగి కూర్చుని స్నానం చేసింది. వెనక ఆగిన లారీలవాళ్ళు నవ్వుతూ ఆ పిల్లకు సబ్బు ఇచ్చారు. అందరూ తడిసి, తుమ్మి, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుని, ఇంటికి రాగానే వచ్చే ఏడు ఎక్కడికి పోదామా అని మాట్లాడుకునేవారు. మనుషుల సంతోషం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఎన్ని ఊళ్ళు తిరిగినా, కొండల్లో ఘాటీ రోడ్డు ఎక్కితే గాని పోలినాయుడికి ప్రయాణం అయినట్టుండేది కాదు. 1986 ఆషాఢంలో శృంగవరపుకోట దాటి అరకు ఘాటీ ఎక్కుతున్నాం. మబ్బు రోడ్డు మీదకు దిగింది. ఒక మలుపులో గున్నమ్మ అనే ఆమె నడిపే టీ హోటలు దగ్గర ఆగి టీలు తాగారు.

ఎత్తు మీద వ్యాను కదిలేటప్పుడు వాళ్ళకొక పద్ధతి ఉంది. పోలినాయుడు క్లచ్చు మీద బండిని నిలుపుతాడు. అసిరమ్మ నన్ను లాగి, వెనక తలుపులోంచి ఎక్కి, వ్యాను గోడ మీద రెండు దెబ్బలు కొడుతుంది. ఆ చప్పుడు విని అతను బండి ఎత్తుకుంటాడు. ఆ రోజు ఆమె నన్ను లాగగానే లోపల గుండిగ దొర్లి గోడకు తగిలింది. ఢాం, ఢాం. పోలినాయుడు వెళ్ళిపోయాడు. మంగ వెనకాల నిద్రపోతోంది. అసిరమ్మ నన్ను పట్టుకుని కొంతదూరం పరుగెత్తింది. మబ్బులో వ్యాను వెనక దీపమైనా కనబడలేదు.

"ఒలమ్మా, నిన్నొగ్గేసి ఎలిపోనారేటి?" అంది గున్నమ్మ.

"మా తమ్ముడే. వస్తాడు."

"వస్తే రానీ. ఈలోగా బస్సొస్తాది. నా మోకాళ్ళు నిలబడనీవు. ఉల్లిపాయలు కోస్తావేటి?"

అసిరమ్మ నన్ను బల్ల మీద పెట్టి ఉల్లిపాయలు కోసింది. పిండి కలిపింది. బస్సు వచ్చేసరికి మూకుడు నిండా పకోడీలు వేగుతున్నాయి. ఆ బస్సు కండక్టరు ఒక పొట్లం తిని మళ్ళీ వచ్చాడు. "ఇయాల చెయ్యి మారినట్టుంది. ఇంకో రెండు కట్టమ్మా," అన్నాడు.

అసిరమ్మ జల్లిగరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెళ్ళైన రెండో ఏడే భర్త పోతే తమ్ముడింటికి వచ్చిన మనిషి ఆమె. అప్పటినుంచీ దుకాణం నుంచి ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళకు అద్దెకు పోయే గరిటెలు, గంగాళాలు అన్నీ ఆమే తోమేది. శుభకార్యాల వంటలో మాత్రం ఆమె చెయ్యి పడకూడదు. ఆమె తోమిన గరిటెలతో ఎవరెవరో వండారు. ఆమె వండినది బాగుందని ఒక పరాయి మనిషి అనగా నేను వినడం అదే మొదలు. ఆమె వినడం కూడా అదే మొదలని ముఖం చూస్తే తెలిసింది.

కొండ మీద వ్యానులో వాళ్ళ సంగతి తర్వాత మంగ చెప్పగా విన్నాను. పది మైళ్ళు పోయాక ఎక్కడో ఆగితే, చక్రానికి అడ్డు లేక వ్యాను వెనక్కి జారి గట్టుకు కొట్టుకుందట. అప్పుడు గాని మనిషి లేదని తెలియలేదు. పోలినాయుడు ముఖం పాలిపోయి తిరిగొచ్చి, వ్యాన్లోంచి దూకి, "చెక్కుందా అప్పా?" అన్నాడు. భయపడ్డ మగవాడికి మనిషిని అడగడానికి నోరు రాదు, వస్తువును అడుగుతాడు. అసిరమ్మకు ఆ తేడా వినబడిందో లేదో, "ఉంది," అని ఎక్కి కూర్చుంది. వ్యాను కదిలాక సంచిలో చెయ్యి పెట్టి నన్ను తడుముతూ, "వచ్చే ఏడు ఇక్కడే ఉండిపోతానే," అంది.

ఇక చూడండి నా పాట్లు. మరుసటి ఏడు ఆ మలుపు వచ్చింది, గున్నమ్మ, "ఏటమ్మా, ఉంటావా?" అని అడిగింది. అసిరమ్మ నన్ను రెండు చేతులా పట్టుకుని, తమ్ముడి వైపు చూసి, వ్యానెక్కింది. ఆ తర్వాతి ఏడు దాలమ్మకు జ్వరమని ఎక్కింది. ఒక ఏడు పోలినాయుడు ఆ మలుపులోనే, "అప్పా, నీకని కొన్నాను," అంటూ నల్లద్దాల కళ్ళజోడు పెట్టాడు. కళ్ళజోడు పెట్టినవాణ్ణి వదిలి ఎలా ఉండిపోతుంది? ఎక్కింది. ఇంటి దగ్గర పదకొండు నెలలు చెప్పబోయే మాటలన్నీ నాతో చెప్పుకునేది. పాత్రలు తోముతూ చెప్పేది, సంచి సర్దుతూ చెప్పేది. అడిగే చోట మాత్రం నోరు పెగలదు. నాకు నోరుంటే నేనే అరిచేదాన్ని. ఒక్క మాట, "నేను ఉంటాను," అనడానికి ఆరేళ్ళా! రెండు టన్నుల వ్యాను ఘాటీ ఎక్కేస్తుంది గాని, ఈ మనుషుల గొంతులోంచి ఒక్క మాట పైకి ఎక్కదు.

ఇప్పుడు నేను గాజువాకలో మంగ ఇంట్లో ఉన్నాను. వాషింగ్ మెషీను ఒక కాలు పొట్టిదట, దాని కింద పెట్టారు. రోజూ పొద్దున్నే అది ఊగిపోతుంది, నేను పట్టుకుంటాను. ఘాటీలో కొండగాలి పీల్చినదాన్ని, సబ్బునీళ్ళలో నానుతున్నాను. మంగ మనవరాలు ఒకసారి నన్ను చూపించి, "పారేద్దామా?" అంటే మంగ ఆ పిల్ల మీద ఎందుకో అంత గట్టిగా కేకలేసింది. తర్వాత కూర్చుని గుండిగలో స్నానం కథ చెప్పింది. కళింగపట్నం చెప్పులు చెప్పింది. ఆఖరి ప్రయాణం చెప్పలేదు. అది నేను చెబుతాను.

1992లో సంచి బరువుగా ఉంది. రెండు చీరలు కాదు, ఉన్న చీరలన్నీ నా మీదే. మలుపులో టీలు తాగారు. పోలినాయుడు స్టీరింగు దగ్గర కూర్చుని, "ఎక్కప్పా, బేగి," అన్నాడు.

"నాను రాను పోలీ. గున్నమ్మతో ఉండిపోతాను."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతను వ్యాను దిగాడు.

"నీకేటైనా మతి పోనాదా? నలుగురూ ఏటనుకుంటారు? తోడబుట్టినదానికి తిండెట్టలేక కొండ మీద ఒగ్గేసినాడంటారు."

"అననీ. నువ్వు తిండెట్టినావని నాను చెప్తాను. ఇక్కడ నాను పదిమందికి తిండెడతానురా."

"వొదినా, నా మాటేటైనా గుచ్చుకున్నాదేటి?" అంది దాలమ్మ ఏడుపు గొంతుతో. "నాను కసిరితే కసిరుంటాను..."

"నీకు కసురు లేనిదెప్పుడే? దానికి కాదులే. లోనికెళ్ళు, తడుస్తావు."

పోలినాయుడు బేరానికి దిగాడు. "హ్యాండ్ బ్రేకు బాగు చేయిస్తాను. రేపే చేయిస్తాను. నువ్వింక దిగక్కర్లేదు." పదేళ్ళు భార్య చెబితే వినని మనిషి! నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అసిరమ్మ అతని తల నిమిరి, "చేయించు నాయినా, పిల్లదుంది," అంది.

"అత్తా, నువ్వు లేకపోతే నాను వెనకాల ఒక్కదాన్నే కూకోవాలి," అంది మంగ. అసిరమ్మ సంచిలోంచి తన చీరలు తీసుకుని, అటుకులు, ఊరమిరపకాయలు ఉన్న సంచి మంగ ఒళ్ళో పెట్టింది.

పోలినాయుడు వెళ్ళి స్టీరింగు దగ్గర కూర్చుని ఇంజను వేశాడు. అసిరమ్మ వంగి నన్ను లాగి, వెనక తలుపులోంచి మంగ చేతికిచ్చి, వ్యాను గోడ మీద రెండు దెబ్బలు కొట్టింది. వ్యాను కదిలింది. నేను మంగ చేతుల్లో ఉన్నాను. మబ్బులో హోటలు చూరు ముందు కనుమరుగైంది, తర్వాత మనిషి. "దసరాకి ముహూర్తాలొస్తాయి. అప్పటికి అదే దిగొస్తాది," అని పోలినాయుడు ముందు సీట్లోంచి ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా చెబుతూనే ఉన్నాడు.

అసిరమ్మ దసరాకు రాలేదు. ఆ తర్వాత కూడా విజయనగరంలో ఆ ఇంటికి ఎప్పుడూ తిరిగి రాలేదు. ఆమె వ్యాను దిగి ఉండిపోయినది 1992 జూలై నెల, తొలి ఏకాదశి వెళ్ళిన మూడో రోజు, సోమవారం.