ట్రాలీ తీగ మీద గొంగడి

మార్కాపురం దగ్గర దొరగారి పలకరాతి గనిలో కరెంటు ట్రాలీ ఆగిపోయి పదేళ్లయింది. ఇనుప స్తంభాలూ, వాటి పింగాణీ గిన్నెల మీద ట్రాలీకి కరెంటు అందించిన రాగి తీగా మాత్రం అట్లాగే ఉన్నాయి. ఊళ్లోవాళ్లకు అదొక దండెం. వాన పడితే గొర్రెల కాపరి పిచ్చయ్య తడిసిన గొంగడిని దాని మీదే ఆరేసుకునేవాడు.

సోమవారం నుంచి తీగలోకి మళ్లీ కరెంటు వదులుతారనీ, ఊళ్లో దండోరా వేయమనీ ఊరి డప్పుకాడూ, గని కూలీ అయిన గిద్యోనుకు గుమాస్తా చెప్పాడు.

"బాప్తిస్మం తీసుకున్నాక డప్పు ముట్టనయ్యా. మొన్ననే పొయ్యిలో పెట్టినా," అన్నాడు గిద్యోను గర్వంగా.

"అట్లయితే కాగితం అంటిస్తాలే," అన్నాడు గుమాస్తా. ఊళ్లో చదవగలిగినవాళ్లు ఎందరని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

సోమవారం మధ్యాహ్నం వాన వెలిసింది. గని గట్టు మీద రాళ్లు చీలుస్తున్న గిద్యోను తలెత్తి చూశాడు. కింద ట్రాలీ షెడ్డుకు పదేళ్లుగా ఊరికే వేలాడుతున్న బల్బు ఎర్రగా వెలిగింది. ఆ పక్కనే తీగ కింద పిచ్చయ్య గొంగడి పిండుతున్నాడు.

"పిచ్చయ్య మామా! తీగ జోలికి పోవద్దు!"

ఎదురుగాలి ఆ కేకను వెనక్కి నెట్టేసింది. పిచ్చయ్య గొంగడిని రెండు చేతులా పైకెత్తాడు. గిద్యోను చేతులు వాటంతటవే, ఒకప్పుడు డప్పు వేలాడిన చోటికి పోయాయి.